కొండగొఱ్ఱెల జాడ

ఉత్తర అమెరికా ఖండమునకు పడమటి దిక్కున, కెనడా దేశపు రాకీ పర్వతముల మంచుచరియలు మొదలుకొని మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పపు ఎండుకొండల వఱకును, నిట్రనిలువు శిలాతటములను ఆశ్రయించి జీవించు వన్యమేషజాతి యొకటి కలదు. దాని పొట్టేలు తలనుండి వెనుకకు లేచి, క్రిందికి వంగి, మరల చెంపల ప్రక్కగా ముందునకు చుట్టుకొనివచ్చు కొమ్ములజత ముదిమినాటికి 14 కిలోగ్రాముల వఱకు తూగును; ఆ శరీరములోని తక్కిన ఎముకలన్నింటిని ఒకచో కుప్పవోసినను ఇంచుమించు అంతియే తూకము. బిగ్‌హార్న్ అను పేరు ఆ కొమ్ములనుబట్టి వచ్చినదే. 1800లో కెనడాలోని బో నదీతీరపు కొండలలో డంకన్ మెక్‌గిలివ్రే అను బొచ్చువర్తకుడు వేటాడి సంపాదించిన మృగము ఆధారముగా, 1804లో జార్జి షా అను ఆంగ్ల జంతుశాస్త్రవేత్త దానికి ఓవిస్ కెనడెన్సిస్ అని శాస్త్రనామ మొసగెను. దీని పూర్వులు హిమయుగమున సముద్రము తీసిపోయి బయల్పడిన బేరింగ్ నేలమీదుగా ఆసియానుండి నడచి వచ్చినవి. ఆసియాలో నిలిచిపోయిన బంధువర్గము మన దేశమునను లేకపోలేదు: లదాఖు మిట్టలలో తిరుగు అర్గలియు, అచ్చటి నదీలోయలలోని ఉరియలును ఈ కుదురునకు చెందిన గొఱ్ఱెలే. మన గొల్లలు బీళ్లవెంట తోలుకొనిపోవు నెల్లూరు గొఱ్ఱెయు, లోకములోని తక్కిన పెంపుడు గొఱ్ఱెలును పశ్చిమాసియాలోని మూఫ్లన్ అను అడవిగొఱ్ఱె సంతతి గనుక, అవి బిగ్‌హార్న్‌కు తోబుట్టువులు గావు, దాయాదులు. ఈ దాయాదితనము కొండగొఱ్ఱెకు ఎంత చేటు తెచ్చినదో ముందు చెప్పవలసియున్నది.

నూఱు కిలోగ్రాములకు మించిన దేహమును, అంతటి కొమ్ములును గల జంతువు బోడికొండమీద పట్టపగలు నిలిచియుండగా కంటికి ఆనకుండుట యెట్లని చదువరికి తోచవచ్చును. ఆనకుండుటయే నిజము. దాని మేనివన్నె కొండరాతి వన్నె. ఎడారికొండలలో లేతగోధుమ, ఉత్తరపు మంచుకొండలలో ముదురు కపిలము. పైబొచ్చు ఉన్నివలె చిక్కుపడినది గాక జింకవెండ్రుకవలె బిరుసై, వెలుతురును మెఱయనీయక మ్రింగివేయును. ఇంతకంటె ముఖ్యమైనది దాని నిలుకడ. మనుష్యుని పొడగన్నంతనే లేడి పరుగెత్తి తన్ను తాను పట్టియిచ్చును. కొండగొఱ్ఱె మాత్రము, కాలిక్రింద చరియ యున్నంతసేపు తనకు భయము లేదని యెఱిగినది గనుక, కదలక మెదలక నిలిచి చూచుచుండును. దాని చూపు ఎనిమిదింతల దుర్భిణితో సమానమని వేటగాండ్రు చెప్పుకొందురు. అది కొలిచి తేల్చిన లెక్క కాదు, వేటముచ్చట. అయినను తలకు ఇరువైపుల ఎడముగా అమరిన కన్నులును, అడ్డముగా సాగిన కనుపాపయు, తల త్రిప్పకయే చుట్టుపట్ల నేల యంతటిని ఒక్కమాఱు కనిపెట్టుటకు దానికి తోడ్పడును. మనము దానిని కనుగొనుటకు చాల ముందే అది మనలను చూచియుండును; క్రొత్తగా దానిని వెదకబోవువాడు మొట్టమొదట అంగీకరింపవలసిన సంగతి యిదియే.

ఈ వెదకులాటలో మనకంటె గొప్ప పండితులు పూర్వమే యుండిరి. కాలిఫోర్నియాలో చైనా లేక్ ప్రాంతపు కోసో కొండలలోని నల్లరాతి లోయలలో, ఆదిమ జనులు చెక్కిన కొండగొఱ్ఱెల రూపములు వేలకొలది నేటికిని నిలిచియున్నవి. ఆ లోయల అంచులనే, వేటగాండ్రు పొంచియుండుటకు రాళ్లు పేర్చి కట్టుకొన్న మఱుగులును కానవచ్చును. యెల్లోస్టోన్ పరిసరములలో జీవించిన టుకుడికా అను షోషోనీ జనులకు ఈ మృగమే ప్రధానాహారము. వారు పొట్టేలు కొమ్మును కాచి, మెత్తపఱచి, సాగదీసి, నరములతో బిగించి చేసిన పొట్టివిండ్లకు చుట్టుపట్ల తెగలలో గొప్ప గిరాకి యుండెడిది. ఏ ఋతువున ఏ మెరకమీద మంద యుండునో, దేనికి బెదరి ఏ దారిని మీదికెక్కునో తెలియనివానికి అట్టి కొమ్ము చేతికి వచ్చునా? నేటి శాస్త్రజ్ఞుడు దుర్భిణితో చేయు పనిలో సగభాగము ఆ వేటగాండ్రు చేసినదే. శాస్త్రజ్ఞునికి చంపుట యొక్కటి తక్కువ.

కావున వెదకువాడు ముందుగా గొఱ్ఱెను గాక కొండను చదువవలెను. కొండగొఱ్ఱె బ్రతుకునకు రెండు వస్తువులు చాలును: ఒకటి పచ్చిక, రెండవది పాఱిపోవుటకు అనువైన చరియ. ఈ రెండింటికిని నడుమ దూరము అది ఒక్క పరుగున దాటగలిగినంత మాత్రమే యుండవలెను. దట్టమైన అడవి దానికి గిట్టదు, ఏలయన చెట్లచాటున ప్యూమా అను పెద్దపిల్లి పొంచియుండును. పచ్చికబయలెంత విశాలమైనను చరియకు దూరమైనచో దానికి బంజరుతో సమానము. ఆత్రముగా మేసి, చరియమీదికెక్కి, అచ్చట తీరికగా పండుకొని నెమరువేయుట దాని దినచర్య. కాబట్టి అనుభవశాలి కొండ నంతటిని గాలింపక, పచ్చికయు రాతిగోడయు కలిసికొను అంచును పట్టుకొని దుర్భిణిని మెల్లగా త్రిప్పుకొనుచు పోవును. సూర్యుడు వెనుకనుండి వెలుగునట్లు తాను నిలుచును. ప్రొద్దుపొడుపు వేళను, సాయంతనమును మేతకు దిగిన మందకొఱకును, నడిమధ్యాహ్నమున గట్టుకొనల నీడలలో పండుకొన్న వానికొఱకును చూచును.

చూచునప్పుడు గొఱ్ఱె యాకారము కొఱకు వెదకరాదు. అది పూర్తిగా ఎన్నడును కనబడదు. నిలువుగీతలతోను వాలుగీతలతోను నిండిన కొండమీద అడ్డగీతయొకటి కానవచ్చిన యెడల, అది వెన్నెముక కావచ్చును. రాళ్లనడుమ పాలవంటి తెల్లని మచ్చ తోచినచో అది పిఱుదుమీది తెల్లదనము. దూరమునుండి తొలుత పట్టుబడునది తఱచుగా ఇదియే. వెదకుటకు చెవియు సాధనమే. గాలి పడిపోయిన వేళ ఎచ్చటనో ఒక చిన్నరాయి దొరలి పడినచో, దొరలించినదెవరో విచారింపవలెను. నేలమీద కూడ సాక్ష్యము దొరకును. గట్టుకొనలమీద, ముందు లోయయంతయు కనబడుచోట, కాలితో మట్టి గీరి పల్లముచేసికొన్న పడకలుండును. తరతరములుగా అవే పడకలు వాడుకలో నుండుటచే వాని యంచులలో పెంటికలు పేరుకొని యుండును. ఎండి తెల్లవాఱిన పెంటికలమీద నల్లగా తడియాఱనివి కొన్ని పడియున్నచో, మంద అచ్చటనుండి లేచి చాలసేపు కాలేదన్నమాట.

కనుగొన్న పిమ్మట సమీపించుట వేఱొక విద్య. పొదలమాటున ప్రాకుచు, బండలచాటున నక్కుచు పోవుట మొదట తోచు ఉపాయము. అంతకంటె చెడ్డ యుపాయము లేదు. ఆ మృగము దృష్టిలో నక్కివచ్చునది ప్యూమా, మీదినుండి దిగివచ్చునది గండము. క్రిందినుండి, బయలున, నేరుగా గాక వాలుగా, ఏదో తనపని మీద పోవుచున్నట్లు నడచుచు, నడుమనడుమ కూర్చుండుచు పోవు మనుష్యుని అది చాలసేపు సహించును. డెత్ వ్యాలీ ఎండుకొండలలో ఏండ్ల తరబడి మకాముండి అచ్చటి కొండగొఱ్ఱెలను పరిశీలించి 1961లో గ్రంథము ప్రకటించిన రాల్ఫ్ వెల్స్, ఫ్లోరెన్స్ వెల్స్ దంపతుల పనికి ఓర్పే ప్రధానసాధనము. బాన్ఫ్ పర్వతములలోను బ్రిటిష్ కొలంబియాలోను 1960ల దశకమున పనిచేసిన వలేరియస్ గైస్ట్ మఱియొక అడుగు ముందునకు వేసి, ఉప్పు ఆశచూపి కొన్ని మృగములను మచ్చికచేసికొని, వానినడుమ కూర్చుండి వానిని ఒక్కొక్కదానిని ముఖమునుబట్టి గుర్తింపగలిగెను. ఆయన 1971లో ప్రకటించిన బృహద్గ్రంథము ఈ శాస్త్రమునకు నేటికిని మూలస్తంభము. ఆయన చేసినది శాస్త్రమునకొఱకైన మినహాయింపే గాని యాత్రికులకు ఆదర్శము గాదు. ఈ మాట తుదిలో మరల చెప్పవలసివచ్చును.

ఎడారిలో వెదకుటకు వేఱు మార్గము కలదు: వెదకకుండ కూర్చుండుట. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆంజా-బొరేగో ఎడారి ఉద్యానములో 1971లో మొదలై యేటేట సాగుచున్న గణన యిందుకు చక్కని దృష్టాంతము. సంవత్సరములో కొండగొఱ్ఱెలను లెక్కించుటకు మిక్కిలి యోగ్యమైన కాలము మనుష్యుడు అచ్చట నిలుచుటకు మిక్కిలి అయోగ్యమైన జూలై మొదటి వారము కావుటయే ఇందలి విచిత్రము. చలికాలమున ఆ మృగములు ఆకులలోని చెమ్మతోనే కాలక్షేపము చేయుచు కొండలంతట చెదరియుండును. మండువేసవిలో మాత్రము కొన్నిదినముల కొకసారియైనను నీటిమడుగునకు దిగక తప్పదు. కావున స్వచ్ఛందసేవకులు నీళ్లు మోసికొని లోయలలోని మడుగులకు ఎదురుగా, గాలివాలును గమనించి, నీడపట్టున స్థావరము వేసికొని, మూడు దినములు ప్రొద్దుటినుండి మాపటివఱకు కన్నార్పక కూర్చుందురు. వేడిమి 45 డిగ్రీల సెల్సియసును దాటుట అచ్చట వింత గాదు.

గంటలు గడచినను ఈగల మ్రోత తప్ప వేఱేమియు నుండదు. పిదప మీదిచరియలో ఎచ్చటనో గులకరాయి దొరలును. కొంతసేపటికి గట్టుపైని ఒక ముదుసలి ఆడుగొఱ్ఱె తల కానవచ్చును. దాని కొమ్ములు పొట్టివై, సన్ననివై, కొడవలివలె ఒకింత వంగియుండుటచే క్రొత్తవారు దానిని మేక యని భ్రమపడుదురు. అది నిలిచి మడుగును, చుట్టుపట్ల పొదలను, ఎదుటి బండలను ఒక్కొక్కదానినే పరికించును. నాలుగడుగులు దిగి మరల నిలుచును. వెనుక తక్కినవి బారుగా, దాని యడుగు పడినచోటనే తమ అడుగు పడునట్లు దిగివచ్చును. పిల్లలు మాత్రము వరుస తప్పి అడ్డదారులలో దూకుచుండును. దిగివచ్చిన గొఱ్ఱెల డొక్కలు లోపలికి పీక్కొనిపోయి ప్రక్కటెముకలు లెక్కింపవచ్చునట్లుండును. ముట్టె నీటిలో పెట్టినది మొదలు అవి తల యెత్తవు. కొలదినిమిషములలో ఆ డొక్కలు కంటియెదుటనే నిండి గుండ్రనగును. అప్పుడు ముదుసలి గొఱ్ఱె వెనుదిరుగును. చిత్తము నిండ త్రాగనివి కూడ దానివెంట పోవును. లెక్కించువాని కాగితముమీద ఆడువి ఇన్ని, ఏడాది వయసువి ఇన్ని, పిల్ల లిన్ని, పొట్టేళ్లు ఇన్ని యని గీతలు పడును. ఏటేట పడిన ఇట్టి గీతలవలననే ఆ దక్షిణపు కొండలలోని గొఱ్ఱెలు క్రమముగా తఱిగిపోవుచుండుట బయల్పడినది. 1998లో అమెరికా ప్రభుత్వము వానిని అంతరించు ప్రమాదముగల జీవుల పట్టికలో చేర్చెను.

పొట్టేలు గనబడినప్పుడు లెక్కతోబాటు కొమ్ములనుగూడ చదువవలెను. కొమ్ము జీవితాంతము పెఱుగును. శీతకాలమున పెఱుగుదల నిలిచిపోవుటచే ఆయాచోట లోతైన వలయము పడును. మంచి దూరదర్శిని యున్నచో ఈ వలయములను లెక్కించి వయసు చెప్పవచ్చును. రెండు వలయముల నడుమ ఎడము హెచ్చుగ నున్న యేడు మేత సమృద్ధిగ దొరికినదనియు, తక్కువగ నున్న యేడు కఱవనియు గ్రహింపవచ్చును. కొమ్ముకొనలు చూపునకు అడ్డువచ్చునంత పెఱిగినప్పుడు పోరులలో విఱిగియు, రాళ్లపై రాచుకొనియు మొద్దువాఱును. కనుక మొదటి యేటి గుఱుతు తఱచుగా దొరకదు. గైస్ట్ పొట్టేళ్లను కొమ్ముచుట్టునుబట్టి పావుచుట్టు, అరచుట్టు, ముప్పావుచుట్టు, నిండుచుట్టు అను నాలుగు తరగతులుగా విభజించెను. క్షేత్రమున పనిచేయువారు నేటికిని ఈ విభాగమునే వాడుచున్నారు. ఈ తరగతులు మనము కల్పించుకొన్నవి మాత్రమే గావు. పొట్టేళ్లు ఎదుటివాని కొమ్మును చూచియే తమ స్థానమును నిర్ణయించుకొనుననియు, చిన్నకొమ్ములవాడు పెద్దకొమ్ములవానికి పోరు లేకయే లొంగియుండుననియు, సరిసమానులు తారసిల్లినప్పుడే నిజమైన యుద్ధము జరుగుననియు ఆయన చూపెను. పెద్దకొమ్ముల పొట్టేళ్లను వేటగాండ్రు ఏరి ఏరి చంపుటచే తరువాతి తరముల కొమ్ములు కుఱుచవాఱినవని, ఆల్బర్టాలోని రామ్ మౌంటెన్ మందను దశాబ్దముల తరబడి పరిశీలించినవారు 2003లో ప్రకటించిరి. ఇందు వారసత్వపు పాలెంత, మేతపాలెంత యను వాదము పిదప చాలకాలము సాగినది.

రాకీ పర్వతములలో నవంబరు, డిసెంబరు మాసములు పొట్టేళ్ల పోరులకు కాలము. మన సంక్రాంతి పందెములలో పొట్టేలు వెనుకకు తగ్గుటయెల్ల ఢీకొనుటకే యని చూచినవారికి ఈ యుద్ధపు మొదటిభాగము తెలిసినదే. రెండు పొట్టేళ్లును ఒకదానినొకటి గమనింపనట్లే దూరముగ నడచిపోయి, ఉన్నట్టుండి వెనుదిరిగి, వెనుకకాళ్లమీద లేచి, కొన్ని అడుగులు అట్లే పరుగిడి, తమ దేహభారమంతయు కొమ్ములమీద మోపి పైబడును. రెండింటి వేగమును కలిపినచో గంటకు 60 కిలోమీటర్లు దాటును. దెబ్బ కంటికి కనబడిన కొంతసేపటికి గాని చప్పుడు చెవికి చేరదు. ఆ ధ్వని లోయల కడ్డుపడి కిలోమీటరునకు మించి వినవచ్చును. ఆ తరువాత జరుగునది చూడదగినది: రెండును తలలను ఒకింత ప్రక్కకు త్రిప్పి, తమతమ కొమ్ములను ఒకదాని కొకటి చూపుచు బొమ్మలవలె నిలిచిపోవును. ఎదుటివాని కొమ్మునకును, తాను తిన్న దెబ్బకును గల సంబంధమును అవి బేరీజు వేసికొనుచున్నవని గైస్ట్ అభిప్రాయము. ఇట్లు గంటల తరబడి సాగును. కొమ్ముబోదెలోని ఎముక గుల్లగుల్లగా నురుగువలె నుండి దెబ్బయొక్క శక్తిని గ్రహించునని యంత్రశాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అయినను ఆ మెదడునకు ఎట్టి హానియు లేదనుట తొందరపాటు. తలలతో ఢీకొను మృగముల మెదళ్లను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, మస్క్ ఆక్స్ అను మృగముల మెదళ్లలో గాయపు గుఱుతులు స్పష్టముగా కానవచ్చినవి. కొండగొఱ్ఱెలలో అవి మిక్కిలి తక్కువ.

గెలిచిన పొట్టేలే తరువాతి తరమునకు తండ్రి యని యిన్నాళ్లు అందఱు తలంచిరి. జాక్ హాగ్ అను శాస్త్రజ్ఞుడు ఆల్బర్టాలోను మోంటానాలోను చేసిన ఓపికగల పరిశీలనలు ఈ నమ్మకమును సడలించినవి. గెలిచిన పెద్దపొట్టేలు ఆడుగొఱ్ఱెను కనిపెట్టుకొని కాపలా కాయుచుండగా, చిన్నవి కాచుకొనియుండి ప్రాణములకు తెగించి ఒక్కుమ్మడి పైబడి, చరియలవెంట తఱిమి, క్షణకాలము సందు చేసికొనును. పిల్లలలో గణనీయమైన భాగము ఈ చొరబాటుదారుల సంతతియే యని పిదప రక్తసంబంధ పరీక్షలు తేల్చినవి. ఢీ యన్న చప్పుడునకు చెవియొగ్గి, నిండుచుట్టు కొమ్ములమీదనే దృష్టి నిలిపిన పరిశీలకుడు సగము కథను జాఱవిడిచెనన్నమాట.

నిజమునకు కొండగొఱ్ఱెల బ్రతుకులో పోరులు కొద్దివారముల ముచ్చట. సంవత్సరములో పెక్కుకాలము పొట్టేళ్లు వేఱుగను, ఆడువి పిల్లలతో వేఱుగను ఉండును. ఆఱునెలల గర్భము మోసి, మే మాసమున ఆడుగొఱ్ఱె మందను విడిచి, ఎవ్వరికిని చేరరాని రాతిమెట్టు నొకదానిని వెదకికొని ఒక్క పిల్లను కనును. కొద్దిదినములకే పిల్ల తల్లివెంట నడచును. గ్రద్ద మీద తిరుగునప్పుడు తల్లి పొట్టక్రిందికి దూరుట మొదటి పాఠము. తరువాతి పాఠములే అన్నిటికంటె గొప్పవి: ఏ నెలలో ఏ లోయ పచ్చబడును, మంచు ఎచ్చట ముందు కరగును, చౌడునేల యెచ్చట కలదు, వేసవిమెట్టకు పోవు దారిలో అడవిని ఎచ్చట దాటవలెను. ఇవియన్నియు పుట్టుకతో వచ్చునవి గావనియు, చిన్నవి పెద్దవానివెంట నడచి నేర్చుకొనునవే యనియు గైస్ట్ 1971లోనే వ్రాసెను. అది అప్పుడు ఊహకు దగ్గఱగా నుండినది. 2018లో బ్రెట్ జెస్మర్, ఆయన సహచరులు వయోమింగ్ విశ్వవిద్యాలయమునుండి దానిని ఋజువు చేసిరి. పూర్వమునుండి ఒకేచోట నున్న మందలలోని గొఱ్ఱెల మెడలకును, వేఱుచోట్లనుండి పట్టితెచ్చి క్రొత్తకొండలలో విడిచిన గొఱ్ఱెల మెడలకును జీపీఎస్ పట్టెడలు కట్టి చూచినపుడు, పాతమందలలో నూటికి అఱువదియైదు మొదలు నూఱు వఱకు ఋతువునుబట్టి వలసపోయినవి. క్రొత్తవానిలో వలసపోయినవి నూటికి తొమ్మిదింటికి లోపే. క్రొత్తచోట విడిచిన మంద మెల్లమెల్లగా నేర్చుకొని వలసజీవనమును అలవఱచుకొనుటకు సుమారు నాలుగు దశాబ్దములు పట్టునని వారు లెక్కగట్టిరి. కావున ఒక మందను తుడిచిపెట్టి, మఱియొకచోటి గొఱ్ఱెలను లారీలలో తెచ్చి అచ్చట వదలినంతమాత్రమున నష్టము పూడదు. తెచ్చినవి గొఱ్ఱెలే గాని, ఆ కొండ యెఱిగిన గొఱ్ఱెలు గావు.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతముల కథ ఈ సత్యమునకు నిదర్శనము. ఓవెన్స్ లోయనుండి ఒక్కపెట్టున పైకి లేచిన ఆ తూర్పుగోడమీద, వేసవిలో నాలుగువేల మీటర్ల యెత్తున తిరుగుచు, శీతకాలాంతమున అడుగుచరియలలోని లేతపచ్చికకు దిగివచ్చు ప్రత్యేకోపజాతి యొకటి కలదు. 1970ల దశకము నడుమ జాన్ వీహౌసెన్ అను శాస్త్రజ్ఞుడు దానిని వెదకుట ప్రారంభించునాటికి మౌంట్ బాక్స్‌టర్, మౌంట్ విలియమ్సన్ శిఖరముల పరిసరములలోని మందలు మాత్రమే మిగిలియుండెను. పిదప ప్యూమాల బెడద హెచ్చగా, ఆ గొఱ్ఱెలు క్రిందికి దిగుటయే మానివేసి, చలికాలమంతయు శిఖరములమీద మంచులోనే గడపుచు, ఆకలికిని హిమపాతములకును బలియైనవి. 1990ల నడుమ పెద్దవి నూటికి కొద్దిగ పైబడి మాత్రమే మిగిలెను. 1999లో అత్యవసరముగ వానికి చట్టరక్షణ కల్పించిరి. ఆ తరువాత మందలు కోలుకొని ఆఱువందలకు పైబడినవి గాని, 2022–23 శీతకాలపు అసాధారణ హిమపాతము మరల వానిని గొప్ప దెబ్బ తీసినది.

ఇంక దాయాదిని గూర్చి చెప్పవలెను. ప్యూమా చంపునది ఒకమాఱున కొకటి. పెంపుడుగొఱ్ఱె ఒక్కమాఱు ముక్కు ముక్కునకు తగిలించి పోయినచో మందయే కూలును. మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అను సూక్ష్మజీవి పెంపుడు గొఱ్ఱెలలోను మేకలలోను పెద్ద బాధ పెట్టక కాపురముండును. యుగముల క్రిందటనే వేఱుపడిన కొండగొఱ్ఱెకు దానిని ఎదుర్కొను శక్తి లేదు. శ్వాసనాళములలో మలినమును పైకి నెట్టు సన్నని కేశములను అది పనిచేయకుండ చేయగా, తక్కిన సూక్ష్మజీవులు ఊపిరితిత్తులలోనికి దిగును. 1995–96 శీతకాలమున స్నేక్ నదిమీది హెల్స్ కాన్యన్‌లో ఈ ఊపిరితిత్తుల జాడ్యముచే సుమారు మూడువందల కొండగొఱ్ఱెలు చచ్చినవి. అంతటితో పోవునా? బ్రతికిన ఆడుగొఱ్ఱెలలో కొన్ని ఆ జీవిని ముక్కులో మోయుచునే యుండును. ఏటేట పుట్టిన పిల్లలు రెండుమూడు నెలలు గంతులిడి, దగ్గనారంభించి, వేసవి ముగియకమునుపే రాలిపోవును. అందుచేతనే నేటి పరిశీలకుడు మందను చూచినప్పుడు కొమ్ములకంటె ముందుగా చెవితో దగ్గును వెదకును; జూన్‌లో లెక్కించిన పిల్లలు సెప్టెంబరులో ఎన్ని మిగిలినవో చూచును. 1960లో హెల్మట్ బూక్నర్ అను శాస్త్రజ్ఞుడు వేసిన అంచనాలో అమెరికా సంయుక్తరాష్ట్రము లంతట మిగిలిన కొండగొఱ్ఱెలు పదునైదువేలనుండి పదునెనిమిదివేల వఱకు మాత్రమే. అప్పటినుండి సంఖ్య పెఱిగినది. పెఱిగినచోట నెల్ల ఈ జాడ్యము కాచుకొనియున్నది.

మనవారు ఈ మృగమును చూడగోరినచో గొప్ప సాహసము అక్కఱలేదు. లాస్ వేగాస్ పోయి హూవర్ ఆనకట్టను చూచు తెలుగు కుటుంబములు దారిలో బౌల్డర్ సిటీలోని హెమెన్‌వే ఉద్యానమున ఆగినచో, వేసవిలో ఎడారి కొండగొఱ్ఱెలు పచ్చికకు దిగివచ్చి మేయుట కండ్లార చూడవచ్చును. కొలరాడోలోని జార్జ్‌టౌన్ చరియలు, వయోమింగ్‌లో డుబోయిస్ చెంతనున్న విస్కీ బేసిన్, కెనడాలోని జాస్పర్ రహదారి ప్రక్కల చౌడునేలలు ఇంకొన్ని ప్రసిద్ధస్థలములు. యెల్లోస్టోన్‌లో దీనికి 25 గజములకు లోపల పోరాదని నియమము. తక్కినచోట్ల కూడ దీనినే పాటించుట మేలు. ఆహార మేదియు పెట్టరాదు, ఉప్పు అసలే పెట్టరాదు. చివరిమాట యొకటి: కొండదారిని పోవునప్పుడు తప్పిపోయిన పెంపుడుగొఱ్ఱె గాని మేక గాని కొండగొఱ్ఱెలకు దాపున మేయుచు కానవచ్చినచో, దానిని తోలుటకు పూనుకొనక, చోటును వేళను గుఱుతుపెట్టుకొని, ఆ రాష్ట్రపు వన్యమృగశాఖకు ఆనాడే తెలుపుడు.